మూడున్నర అంగుళాల తీరిక

చెల్లాయ్, ముగ్గుపిండి సంగతి నీకు చెప్పానా? పోయిన ఏడాది అమ్మాయికి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళానుగా, అప్పటిది. సూట్‌కేసులో శొంఠిపొడి, కారప్పొడి, నువ్వులుండలు, పిల్లకి పక్కగుడ్డలుగా మెత్తటి పాతచీరలు అన్నీ సర్దుకుని, అడుగున ఒక అరకిలో ముగ్గుపిండి పొట్లం కూడా పెట్టాను. ధనుర్మాసమంతా అక్కడే కదా, గుమ్మం ముందు నాలుగు గీతలైనా గీయకుండా ఎలా అని. అల్లుడు వీడియో కాల్‌లో ఆ పొట్లం చూసి తల పట్టుకున్నాడు. "అత్తయ్యా, పేరూ ఊరూ లేని తెల్లపొడి పొట్లంతో మీరు విమానం దిగితే, నేను ఎయిర్‌పోర్టుకి లాయరుని వెంటబెట్టుకుని రావాలి" అన్నాడు. తీసేశాను.

అక్కడికెళ్ళాక ఇండియన్ స్టోర్‌లో బియ్యప్పిండి కొన్నాననుకో. నెలగంట పెట్టిన రోజు తెల్లారకుండానే లేచి, తలకి మఫ్లర్ చుట్టుకుని తలుపు తీస్తే ఏముంది, మెట్ల మీద పిక్కల లోతు మంచు. కింద తెల్లటి మంచు, చేతిలో తెల్లటి పిండి. ముగ్గు వేస్తే ఎవరికి కనబడుతుంది? వేసిన నాకే కనబడదు. తలుపేసుకుని లోపలికొచ్చి ఆ పిండితో చెక్కలు చేశాను.

నవ్వకు. చెయ్యి అలవాటు పడిపోయాక ఊరుకోదమ్మా. కిరాణా లిస్టు వెనకాల, డాక్టరు బిల్లు అంచున, ఎక్కడ పడితే అక్కడ మెలికలు తిప్పుతూ కూర్చునేదాన్ని. దానికి తోడు రాత్రిళ్ళు. పసిది రెండు గంటలకోసారి లేచేది. పాలిచ్చి అమ్మాయి పడుకుంటే, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని తిరగడం నా డ్యూటీ. పిల్ల నిద్రపోయేది, నాకు పట్టేది కాదు. తెల్లవారుజామున మూడింటికి ఫోను తెరిస్తే మీకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. వాట్సాప్ గ్రూపులన్నీ కళకళలాడుతూ ఉండేవి. ఎవరి మోకాలికి ఆపరేషను, ఎవరి కోడలు ఏమంది, అంతా చదివి, ఉన్న కాస్త నిద్రా చెడగొట్టుకునేదాన్ని.

ఇదంతా చూసి అమ్మాయి వాళ్ళ ఊరి లైబ్రరీలో ఒక శనివారం క్లాసుకి నా పేరు రాయించింది. "జెంటాంగిల్ అంటారమ్మా. పెన్నుతో గీతలు గీయడమే. బొమ్మలు రానక్కర్లేదు" అంది. బొమ్మలు నాకు రావని దానికి బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు లెక్కల పంతులమ్మగా చేసినదాన్ని, నేను ఆవుని గీస్తే పిల్లలు బల్లి అనేవారు.

లైబ్రరీలో మొత్తం పన్నెండు మందిమి. నేర్పే ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి, తెల్లటి బాబ్డ్ హెయిరు, మెళ్ళో కళ్ళద్దాల గొలుసు. ఒక్కొక్కరికీ ఒక చదరపు కాగితం ముక్క ఇచ్చింది. దాన్ని వాళ్ళు టైలు అంటారు. అటు మూడున్నర అంగుళాలు, ఇటు మూడున్నర అంగుళాలు, అంతే. మన అరచెయ్యంత. కాగితం చేత్తో తడిమితే ఉతికి ఆరేసిన నూలుబట్టలా ఉంది. ఇటలీలో తయారయ్యే నూటికి నూరుపాళ్ళ నూలు కాగితమట. ఇంకా ఒక నల్ల పెన్ను, పొట్టి పెన్సిలు, కాగితాన్ని సన్నగా చుట్టి మొన తీసిన పుల్ల ఒకటి. రబ్బరు లేదు. నా పక్కనున్నావిడ అడిగింది కూడా, ఎరేజర్ ఇవ్వడం మర్చిపోయారా అని. మర్చిపోలేదు, ఉండదు అంది.

మొదట కాగితాన్ని చేత్తో పట్టుకుని కాసేపు ఊరికే చూడమంది. ఇంత మంచి కాగితం దొరికినందుకు, కూర్చోవడానికి ఇంత సమయం దొరికినందుకు మనసులో కృతజ్ఞత చెప్పుకోమంది. నాకు నవ్వొచ్చింది, నిజం చెప్తున్నా. తర్వాత, "ఇప్పుడు నాలుగు మూలలా పెన్సిల్‌తో నాలుగు చుక్కలు పెట్టండి" అంది.

చుక్కలు! చెల్లాయ్, వేల మైళ్ళు దాటి వచ్చి, మంచులో ముగ్గు లేకుండా నేను కూర్చుంటే, ఎవరో తెల్లావిడ వచ్చి నన్ను చుక్కలు పెట్టమంటోంది. ఆ తర్వాత నవ్వలేదు.

చుక్కలు కలిపితే ఒక హద్దు వస్తుంది. స్కేలు పెట్టకూడదు, కాస్త వంకరపోతే పోనీ. ఆ హద్దు లోపల పెన్సిల్‌తోనే ఒక తీగలాంటి గీత, ఎటంటే అటు తిరిగేది, వేయాలి. దాన్ని దారం అంటారు. దారం ఆ కాగితాన్ని నాలుగైదు గదులుగా విడదీస్తుంది. అప్పుడు పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీసుకుని, ఒక్కో గదిలో ఒక్కో నమూనా నింపుకుంటూ పోవాలి. ఏ నమూనా తీసుకున్నా అందులో ఉండేవి చుక్క, నిలువు గీత, అరవంపు, మెలిక, సున్నా, ఇంతే. అక్షరాభ్యాసం అయిన ప్రతి పిల్లకీ వచ్చినవే. ఆఖర్న పెన్సిల్‌తో అక్కడక్కడ నీడలు వేసి, ఆ కాగితం పుల్లతో రుద్దితే గీతలు కాగితం మీంచి లేచినట్టుంటాయి. మూలన మన పేరులో మొదటి అక్షరం వేసి, చెయ్యి చాపి దూరంగా పెట్టి చూసుకోవడం. దానికి పైనా కిందా ఉండవు, ఎటు తిప్పి చూసినా సరే.

ఇది పుట్టింది అమ్మాయి వాళ్ళ ఊరి పక్కనే, చెల్లాయ్. మసాచుసెట్స్‌లోనే, వూస్టర్‌కి దగ్గర్లో వైటిన్స్‌విల్ అని ఒక చిన్న ఊరుంది. ఒకప్పుడు నూలు మిల్లుల యంత్రాలు తయారుచేసిన ఊరు. అక్కడ మరియా థామస్ అనే ఆవిడ, రిక్ రాబర్ట్స్ అనే ఆయన ఉండేవారు. ఆవిడ అందమైన అక్షరాలు రాసే కళాకారిణి. ఆయన కొన్నేళ్ళు సన్యాసిగా బతికి, ధ్యానం చేసి వచ్చినవాడు. 2003లో ఒకరోజు మరియా ఒక పెద్ద అక్షరం చుట్టూ ఖాళీలో సన్నసన్న గీతలతో నమూనాలు నింపుతోంది. రిక్ వచ్చి పలకరించాడు. అలా గీస్తున్నప్పుడు తనకి టైము తెలియదని, వేరే ఆలోచన ఏదీ రాదని, హాయిగా ఉంటుందని చెప్పుకొచ్చింది. నువ్వు చెప్తున్నది ధ్యానం గురించే కదా అన్నాడాయన. అందరూ చేయగలిగేలా దీన్ని మెట్లుమెట్లుగా ఎలా చెప్పొచ్చా అని ఇద్దరూ కలిసి ఆలోచించి తయారుచేసిన పద్ధతి ఇది. జెన్ అంటే ధ్యానం, టాంగిల్ అంటే చిక్కు. ఆ పేరు వాళ్ళ ట్రేడ్‌మార్కు. ఒక్కో నమూనానీ టాంగిల్ అనే పిలుస్తారు. అమ్మాయి తల చిక్కు తీయడంతోనే నా సగం జీవితం అయిపోయింది. ఇప్పుడు కూర్చుని చిక్కులు వేస్తున్నాను!

నాకు నచ్చిన చిక్కు ఒకటి చెప్తాను, చదువుతూ పక్కన కాగితం మీద వేసి చూడు. పేరు హాలిబా. గదికి ఈ అంచు నుంచి ఆ అంచుకి పక్కపక్కనే రెండు గీతలు గియ్యి. ఒక జొన్నచొప్ప కర్ర అనుకో. ఇప్పుడు ఇంకో కర్ర, వేరే వాలులో. అయితే మొదటి కర్ర తగలగానే ఆగిపో. పెన్ను ఎత్తి, దాని అవతల అదే వాలులో మళ్ళీ మొదలుపెట్టి అంచుదాకా వెళ్ళు. రెండోది మొదటిదాని కిందనుంచి దూరి వెళ్ళినట్టు కనబడుతుంది చూడు. మూడోది ఈ రెంటి కిందనుంచి. నాలుగోది మూడింటి కిందనుంచి. చొప్ప మోపు కట్టేటప్పుడు ఆఖర్న వేసిన కర్ర పైన ఉంటుంది, ఇక్కడ తిరగేసి, అందరికన్నా ముందు వేసింది పైన. కొత్తగా వచ్చేవన్నీ సర్దుకుని కిందనుంచి పోవాలి, ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలిలా! పది కర్రలయ్యాక మధ్యలో మిగిలిన సందులన్నీ పెన్నుతో నల్లగా నింపు. అప్పటిదాకా ఉత్త గీతలు. సందులు నిండగానే అడుగున ఎంత లోతుందో తెలియని చీకటి, దాని మీద తేలుతూ కర్రలు. మొదటిసారి అది చూసినప్పుడు లైబ్రరీలో, "అబ్బ!" అని తెలుగులో పైకే అనేశాను.

పెన్ను తిప్పకూడదు, కాగితాన్నే రెండో చేత్తో మెల్లగా తిప్పుకుంటూ పోవాలి, రోట్లో పొత్రంలాగా. మెల్లగా అంటే నిజంగా మెల్లగా. నేను మొదట గబగబా లాగించేశాను. స్టవ్ మీద పాలు పెట్టి వచ్చినట్టుగానే కదా మనం ఏ పనైనా చేస్తాం. నేర్పే ఆవిడ నా దగ్గరికొచ్చి ఏమీ అనకుండా పక్కన కుర్చీలో కూర్చుని, ఒక్క గీత గీసి చూపించింది. ఆ ఒక్క గీతకి ఆవిడ తీసుకున్న సమయంలో నేనైతే వంకాయ తరిగేసేదాన్ని.

ఇక తప్పుల సంగతి. రబ్బరు లేకపోతే తప్పు పోతే ఏం చేయాలి? అది తప్పు కాదంటారు వీళ్ళు. గీత పక్కకి పోయిందా, దాన్నే ఇంకో నమూనాకి మొదలు చేసుకో అంటారు. ముప్పై ఏళ్ళు ఎర్ర బాల్‌పెన్ను పట్టుకున్నదానికి ఈ మాట గొంతు దిగలేదు. తప్పుని తప్పు అనకపోతే పిల్లలు బాగుపడతారా? లెక్కల్లో బాగుపడరు, అది ఇప్పటికీ నా అభిప్రాయం. కాని ఒక రాత్రి ఏమైందంటే, పసిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, అట్ట మీద టైలు పెట్టుకుని హాలిబా వేస్తున్నాను. నిద్రలో కాలు విదిల్చింది. ఏడో కర్ర అంచుదాకా వెళ్ళాల్సింది మధ్యలోనే వంకర తిరిగి పైకి లేచింది. నా ప్రాణం ఉసూరుమంది. చేసేదేం లేక ఆ వంకర పక్కనే ఇంకో వంకర గీసి దాన్నీ కర్రని చేశాను. చూస్తే ఎండుకొమ్మల మధ్య పచ్చితీగ ఒకటి పాకినట్టు వచ్చింది. మిగతావన్నీ తిన్నగా, అదొక్కటీ ప్రాణం ఉన్నట్టు. ఇప్పటికీ నా దగ్గరున్న టైళ్ళలో అదే బాగుంటుంది.

రబ్బరు లేకుండా గీయడం మనకేం కొత్త కాదులే. శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కూర్చున్నాం గుర్తుందా? బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నానబెట్టి పులియబెట్టిన నీళ్ళలో వెదురు కలం ముంచి, కరక్కాయ, గేదెపాలు పట్టించిన బట్ట మీద గీస్తే, తగిలిన చోట నల్లగా తేలేది. గీసింది గీసినట్టే. నువ్వు అడిగావు కూడా, పొరపాటు పోతే ఎలా అని. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మా వియ్యపురాలు హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేస్తే ఒకటి చూపించాను. "ఏమిటండీ వదినగారూ, చీమలు పాకినట్టు! ఇది మన ముగ్గే కదా, వాళ్ళు కొట్టేసి పేరు పెట్టుకున్నారు" అంది. కాదు చెల్లాయ్. ఆ మాట వినడానికి బాగుంటుంది గాని నిజం కాదు. ముగ్గుకి లెక్కుంది. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు సందు చుక్క అంటే అంతే. ఒక వరసలో ఒక్క చుక్క తగ్గిందా, ఆఖర్న మెలిక కలవదు. చీపురు పెట్టి కొట్టుకోవాల్సిందే. ఎలా వస్తుందో ముందే తెలిసి మొదలుపెడతాం. ఇక్కడ ఏం వస్తుందో తెలియకుండా మొదలుపెట్టాలి, అదే షరతు. లెక్కల మనిషిని, నాకు ముగ్గు తేలిక, ఇదే కష్టమైంది. కలిసేది ఒక్క చోటే. మెలికల ముగ్గు వేస్తున్నప్పుడు, పిండి వేళ్ళ సందునుంచి జారుతుంటే, వీధిలో పాలవాడు పిలిచినా వినబడని క్షణాలు కొన్ని ఉంటాయి చూడు, అక్కడ.

ఇంటికొచ్చాక సామాను గురించి నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. ఆ ఇటలీ కాగితం కోసం వెతక్కు. డ్రాయింగు షీట్లలో మందంగా ఉండేది, 200 జీఎస్ఎం పైన, ఏదైనా సరే కొని మూడున్నర అంగుళాలకి కత్తిరించుకో. నేనైతే శుభలేఖల వెనకవైపు వాడుతున్నాను. బీరువా నిండా ఉన్నాయిగా, పసుపు అంటినవి పారేయబుద్ధి కాక దాచినవి. నున్నగా మెరిసే శుభలేఖలు పనికిరావు, సిరా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. గరుకువి మంచివి. పెన్ను మాత్రం మంచిది కొనుక్కో. క్లాసులో ఇచ్చింది జపాను సకురా కంపెనీ వాళ్ళ పిగ్మా మైక్రాన్, 01 నంబరు, దాని గీత పావు మిల్లీమీటరు. సిరా నీళ్ళు పడ్డా పోదు, ఎండకి వెలవదు. ఇక్కడ ఆర్ట్ సామాను కొట్లలో దొరుకుతోంది. ధర చూసి గుండెలు బాదుకోకు, ఒకటి చాన్నాళ్ళొస్తుంది, గట్టిగా నొక్కకపోతే. నేను నొక్కాను. బాల్‌పెన్నుతో కార్బన్ కాపీ రాసే అలవాటు, మొదటి పెన్ను ములికి రెండో రోజుకే లోపలికి పోయింది. కాగితం మీద దాన్ని ఆనించి వదిలెయ్యాలి, అంతే బరువు. ఖరీదైన కిట్లు, డబ్బాలు ఉంటాయి, వాటి జోలికి పోకు. నీడలు రుద్దడానికి పుల్ల లేకపోతే చూపుడువేలు చాలు.

ఇది చేస్తే బీపీ తగ్గుతుందా, షుగరు తగ్గుతుందా అని అడుగుతారు అందరూ. నాకు తెలియని మాట చెప్పను. అల్లుడు ఒక అధ్యయనం చూపించాడు, ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో అచ్చువేసింది. 39 మంది పెద్దవాళ్ళ చేత 45 నిమిషాలు స్కెచ్ పెన్నులతోనో, మట్టితోనో, కాగితాలు అతికించో ఇష్టమైంది చేయించి, ముందూ తర్వాతా లాలాజలం పరీక్ష చేశారు. నూటికి 75 మందిలో ఒత్తిడి పెరిగినప్పుడు ఊరే కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళా రానివాళ్ళా అన్నదాంతో తేడా ఏమీ లేదట. అది చదివి అల్లుడు తెగ సంబరపడ్డాడు. నేను ఆ మిగిలిన నూటికి పాతికమంది గురించి ఆలోచించాను. కొన్ని రాత్రులు నేను వాళ్ళలో ఉన్నాను మరి. గీస్తున్నంతసేపూ మనసు ఇక్కడ ఇంటిదగ్గరున్న అప్పు మీదే ఉండేది, లేచి పడుకునేదాన్ని. మందుబిళ్ళలు మానేసి దీన్ని పట్టుకోమని ఎవరైనా చెప్తే వినకు.

ఇంకో అధ్యయనం మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఇంగ్లండులో ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జాకీ ఆండ్రేడ్ అనే ఆవిడ 2009లో ప్రకటించింది. 40 మందికి టెలిఫోనులో చప్పటి సందేశం ఒకటి వినిపించి, సగంమంది చేత అది వింటూ కాగితం మీద బొమ్మల గళ్ళు నింపించారు. తర్వాత అడిగితే, గళ్ళు నింపినవాళ్ళకి 29 శాతం ఎక్కువ గుర్తుంది. చెల్లాయ్, నోటుపుస్తకాల చివరి పేజీలు! ఎంతమంది పిల్లల్ని నిలబెట్టాను, పాఠం వినకుండా చివరి పేజీలో గీతలేమిటని. ఒక పిల్ల ఉండేది, కిటికీ పక్క మూడో బెంచీ. పుస్తకం చివరంతా పొలుసులు, పొలుసుల్లో పొలుసులు. ఆ పేజీలు నేనే చింపించాను. ఇప్పుడు చూస్తే, నా టైళ్ళ మీద నేను వేస్తున్నది అచ్చం అవే పొలుసులు. ఆ పిల్లకి లెక్కలు బాగానే వచ్చేవి కూడా.

క్లాసు ఆఖర్న జరిగిన దాన్ని గురించి చెప్పడం మర్చిపోయాను. అందరి టైళ్ళూ తీసుకుని ఆవిడ ఒక బల్ల మీద పక్కపక్కన, సందు లేకుండా పేర్చింది. పన్నెండూ ఒకే చిక్కులు, ఒకేసారి నేర్చుకున్నవి. ఏ రెండూ ఒకేలా లేవు. అలవాటుకొద్దీ నా కళ్ళు ఫస్టు ర్యాంకు ఎవరిదా అని వెతికాయి. కలిపి చూస్తే ఎవరిది ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో తెలియలేదు. నాది కూడా వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన ఇంట్లో మధ్యాహ్నం వంట గిన్నెలు సర్దాక, టీకి ముందు, ఒక ఇరవై నిమిషాలు దొరుకుతాయి. అంతలో ఒక టైలు అయిపోతుంది. అరచెయ్యంత కాగితం కాబట్టే అవుతుంది. పెద్ద షీటు అయితే వారమంతా అలాగే పడి ఉండి, పనిమనిషి తుడుస్తుంటే బల్ల మీంచి నన్ను దెప్పిపొడిచేది.

మా వియ్యపురాలు మొన్న మళ్ళీ ఫోను చేసింది. ఆవిడ మంచిదే, కాని ఆవిడకి ప్రతిదానికీ ఒక ప్రయోజనం కావాలి. "ఎన్నయ్యాయి వదినగారూ ఇప్పటికి?" అంది. రెండొందలు దాటాయన్నాను, బిస్కెట్ డబ్బాలో వేస్తున్నాను. "చీరల మీద ప్రింటు వేయిస్తే బ్రహ్మాండంగా ఉంటుందండీ. నాకు తెలిసిన బొటిక్ వాళ్ళున్నారు" అంది. వద్దన్నాను. "పోనీ ఫ్రేములు కట్టించి పండక్కి వాయనంగా ఇవ్వండి." వద్దన్నాను. "మరి ఎవరి కోసం వేస్తున్నట్టు?"

వండింది తినడానికి ఒకరుంటారు. కుట్టింది కట్టుకోవడానికి ఒకరు. ముగ్గు కూడా వీధిలో పదిమందీ చూసి, ఎదురింటావిడ ముగ్గు కంటే పెద్దదా చిన్నదా అని కొలిచేది. పాఠం చెప్పినా పరీక్షలో పాసు పర్సంటేజీ అడిగేవారు. అరవై మూడేళ్ళలో నా చేత్తో నేను ఎవరికీ అక్కర్లేని పని చేసింది ఇదే మొదలు. ఇదంతా ఆవిడకి చెప్పలేదు. "ఎవరి కోసమూ కాదు వదినగారూ, ఊరికే" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. కుక్కరు కూత వినబడింది. ఆవిడ వెళ్ళి కట్టేసి వచ్చినట్టుంది.

"ఆ పెన్ను నంబరు ఎంతన్నారు?" అంది.

సున్నా ఒకటి అని చెప్పాను. గట్టిగా నొక్కొద్దని కూడా చెప్పాను.